ఎర్రబారిన బావి

సిరిసిల్ల, జనవరి 2010

తమ్ముడు గంగాధర్‌కు అక్క దీవెనలు.

కోరుట్లలో మీరంతా బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మాంద్యం వల్ల నూలు అద్దకానికి గిరాకీ పడిపోయింది. దానిమీద తెలంగాణ బంద్‌లు. మీ బావ మాత్రం అద్దకంలో మిగిలిన రంగునీళ్లను తొట్టిలో పటిక, సున్నం వేసి తేటపరిచాకే వాగుకు వదులుతున్నాడు. ఆ ఖర్చుకు మా రేటు పెరిగి, ఉన్న పని కాస్తా నా తోడికోడలు సుగుణకు పోయింది. ఆమె రంగునీళ్లను ఇంటివెనకే వదిలేస్తుంది. కొత్త గొలుసు వేసుకుని ఆమె వాకిట్లో నిలబడితే నాకు అన్నం సహించదు.

మొన్న మీ బావతో పోట్లాడాను.

"మంచిరోజులు అచ్చినంక తేటజేద్దాం. ఇప్పుడు తొట్టి బంద్ జెయ్యి" అన్నాను.

"నా చేతులతోని చెయ్య. నీకు మనసొప్పితే నువ్వే తూము ఇడువు" అన్నాడు.

నిన్న పొద్దున నిజంగానే రంగునీళ్లను తేటపరచకుండా వాగుకు వదలాలని తొట్టి తూము తీయడానికి వెళ్లాను. అప్పుడే సుగుణ ఖాళీ బిందెతో వచ్చింది.

"అక్కా, మా బాయి నీళ్లు ఎర్రగైనయి. పిల్లలు తాగెతందుకు మీ బాయిల తోడుకుంట" అంది.

ఆమె తల వంచుకుంటే నాకు సంతోషమే కలిగింది, నీ దగ్గర ఎందుకు దాచాలి. బిందె నేనే నింపాను. తూము ముట్టుకోలేదు.

సాయంత్రం ఆమె ఇంటికి మళ్లీ నూలు బండి వచ్చింది. నా కడుపు మళ్లీ మండింది. మీ దుకాణానికి రంగు నూలు కావాలంటే మాకు పని ఇప్పించు. నేను అడిగానని మీ బావకు చెప్పకు.

ఈ పొద్దున ఆయన నాకంటే ముందే లేచి, తూము మూసే ఉందా అని చూసి వచ్చాడు. చాయ్ తానే పెట్టి ఇచ్చాడు.

నీ అక్క