ఇనప మంచంతో చేసిన సైకిల్ ట్రాలీ గురించి

బడిలో సైన్సు చెప్పి రిటైరయిన నేను, మోకాళ్ళు తప్ప మిగతావన్నీ, ముఖ్యంగా బుద్ధి, సవ్యంగా పనిచేస్తుండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. దీని అమలు బాధ్యత పక్కింటి దర్జీగారిది. నా కొడుకులిద్దరూ ఎవరి మాటా వినకపోయినా ఆయన కొలతలు తీస్తుంటే మాత్రం కదలకుండా నిలబడతారు.

1. ఆస్తి: రెండు గదుల ఇల్లు, ఒక సైకిల్, దాని వెనక తగిలించే ట్రాలీ. సైకిల్ నా పెన్షన్‌తో కొన్నది. ట్రాలీ ఒకప్పుడు నా మంచం. మా అమ్మాయి ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్తుంది. మూటలు నెత్తిన మోసి మోసి మెడ పట్టేసి, ట్రాలీ కొందామని కొట్టుకు వెళ్ళి, ధర విని తిరిగొచ్చింది. నేనే మంచం దిగి, "దీన్ని కోసి చెయ్యండిరా" అన్నాను. వెల్డింగ్ పనిచేసే పెద్దవాడు మంచం కోసి చట్రం అతికాడు. సైకిల్ రిపేరు కొట్టున్న చిన్నవాడు పాత చక్రాలు తెచ్చి బిగించాడు. ఆ రోజు నుంచి నా పడక నేల మీదే. మొదట్లో హాయిగానే నిద్రపట్టింది.

2. తగువు: ట్రాలీని లాగే కడ్డీ సైకిల్ సీటు కింద తగిలించాలని పెద్దవాడు, వెనక చక్రం ఇరుసుకి తగిలించాలని చిన్నవాడు. "నట్లు బిగించడం తప్ప నీకేం తెలుసురా?" "అతకడం తప్ప నీకేం తెలుసన్నయ్యా?" లాగే చోటు ఎత్తున ఉంటే మలుపులో సైకిల్ పడిపోతుందని ఎందరి పిల్లలకో చెప్పినదాన్ని, ఇంట్లో నోరు తెరిస్తే "నువ్వూరుకోమ్మా" అన్నారు. ఆ ఒక్క ముక్క మాత్రం అన్నదమ్ములు కలిసే అన్నారు. కడ్డీ సీటు కిందికే వెళ్ళింది. మొదటి రోజే ఆసుపత్రి మలుపులో సైకిల్ పడి అమ్మాయి మణికట్టు విరిగింది. చిన్నవాడి మాటే నిజమైంది. కానీ వాడు అక్కని లేపకముందే "నేను చెప్పలా?" అన్నాడు. అప్పటి నుంచి పెద్దవాడు కడ్డీ కొయ్యడు, చిన్నవాడు బాగుచెయ్యడానికి కొట్టుకు తీసుకెళ్ళిన సైకిల్ తిరిగివ్వడు. ట్రాలీ నా గదిలో బోర్లాపడి ఉంది. "బయటివాడి చేత కోయించుకోవే" అంటే అమ్మాయి, "అలా చేస్తే వీళ్ళు ఇక కలవరమ్మా" అంటుంది. సరిగా అతకని మణికట్టుతో మళ్ళీ మూట ఎత్తుకుంటుంది. నా కడుపున పుట్టిన మూడో మొండిఘటం.

3. సైకిల్, ట్రాలీ సర్వహక్కులతో అమ్మాయికి. ఇల్లు ముగ్గురికీ సమానంగా. కడ్డీ మార్చితేనే ఇంట్లో వాటా అని ఒక షరతు రాసి కొట్టేశాను. గది ఆశ చూపి చేయించిన అతుకు మలుపు దగ్గర ఊడుతుంది. నా దగ్గర ఇంక ఉపాయాలు లేవు.

4. పెద్దవాడికి నా కళ్ళజోడు. వెల్డింగ్ అద్దంలోంచి కనపడనివి దీన్లోంచి కనపడతాయేమో. చిన్నవాడికి నా బడి గంట. మాట్లాడబోయే ముందు మోగించుకోవాలి. నా మోకాళ్ళకి నూనె రాసి ఎవరికీ చెప్పుకోని పెద్ద కోడలికి నా పుస్తకాలు. మెత్తటి శాలువా అమ్మాయికి. కప్పుకోవడానికే, మూట కింద చుట్టకుదురు చేసుకోవడానికి కాదు. చుట్టకుదురే చేసుకుంటుందని నాకు తెలుసు.

5. నేను పోయిన రోజు కొడుకులిద్దరూ వస్తారు. చెరోవైపు పట్టుకుని, అడుగులో అడుగు కలిపి, నన్ను జాగ్రత్తగా మోస్తారు. కళ్ళారా చూసుకోవాల్సిన ఆ నడక నేను చూడలేను. ఆసుపత్రి దుప్పట్లు ఆ రోజు కూడా ఆగవు. దర్జీగారూ, నన్ను దింపి వచ్చాక, వాళ్ళు చేతులు కడుక్కోకముందే ఈ కాగితం చదవండి. కడుక్కున్నాక ఎవరి దారిన వాళ్ళు పోతారు.

ఆగస్టు ఇరవై రెండు, శనివారం.

(సంతకం) ఆ ముగ్గురి తల్లి

సాక్షులు: ఆసుపత్రిలో దుప్పట్లు అందుకునే నర్సమ్మ, మూల మీది మందుల కొట్టాయన. ఇద్దరూ నా దగ్గర చదువుకున్నవాళ్ళే, అందుకే పూర్తిగా చదివి సంతకం పెట్టారు.