అక్క పచ్చికూరలు, అమ్మ సొరపుట్టు

మంగళవారం రాత్రి

ఈ పేజీ చదవబోయే భావితరాలకు ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు. మా ఇంటి మహాయుద్ధంలో నేను ఏ పక్షమో నాకే తెలియదు.

అక్కకు కాన్పయి రెండు నెలలు. పది రోజులుగా పొయ్యి మీద ఉడికిందేదీ ముట్టడం లేదు. క్యారెట్, మొలకలు, పండ్లు, అంతే. అమ్మ పొద్దున్నే రాయపురం చేపల రేవుకు వెళ్లి సొరచేప తెచ్చి, ఉడికించి చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి పొడిపొడిగా వేయించి పుట్టు చేసింది. బాలింతకు పాలు పడాలంటే అదే మందట.

"డేయ్, నువ్విస్తే తింటాది, పో," అని గిన్నె నా చేతిలో పెట్టింది.

"నాకొద్దు పోరా," అంది అక్క, క్యారెట్ కొరుకుతూ.

మధ్యాహ్నం పాప మూడు గంటలు హాయిగా నిద్రపోయింది.

"చూస్తివా నా పుట్టు మహిమ!" అని అమ్మ వంటింట్లో మురిసిపోయింది.

"పచ్చికూరల గుణంరా," అని అక్క నా చెవిలో చెప్పింది.

సాయంత్రం అదే అక్క ఉయ్యాల దగ్గర లేవబోయి, కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. "ఏం లేదురా, అమ్మకు చెప్పొద్దు." తిండి చాలకా, నిద్ర చాలకా? నాకు అర్థం కావడం లేదు. అమ్మేమో నిశ్చింతగా ఉంది, కూతురు బాగా తింటోందని.

ఖాళీ గిన్నె చూపించి "మొత్తం తినేసిందమ్మా" అన్నది నేను. తిన్నదీ నేనే.