గేదెకు బదులు వచ్చిన తాబేళ్ళు

రోటే దీవిలో పుట్టి, కుపాంగ్ నగరం ఓసాపా పేటలో కాపురం ఉంటూ, పడవల ఇంజన్లు బాగుచేసి బతికిన ఒబెద్ మెస్సాఖ్ అనే నేను, కీర్తిశేషులు నహోర్ మెస్సాఖ్ గారి కుమారుడిని, ఊపిరితిత్తులు చెడినా బుర్ర చెడలేదని డాక్టరు చేత అనిపించుకుని, ఎవరి బలవంతమూ లేకుండా, నా భార్య వద్దన్నా వినకుండా రాస్తున్న వీలునామా ఇది. దీనికి ముందు నేను రాసి చింపినవి ఏవీ చెల్లవు. చింపిన కాగితాలు అతికించుకుని తెచ్చేవాళ్ళు మా వంశంలో ఉన్నారు కాబట్టి ఈ మాట ముందుగానే రాస్తున్నాను.

దీన్ని అమలు చేసే బాధ్యత మా చర్చి పాస్టరు మార్తెన్ న్దున్ గారిది. ఆయన మెతక మనిషి. ఈ ఒక్క పనిలో మెతకదనం చూపించవద్దని మనవి.

1. నేనుంటున్న ఇల్లు, దాని చుట్టూ ఉన్న స్థలం, వంటింటి వెనక ఉన్న రెండు తాటిచెట్లు నా భార్య దోర్కస్‌కు సర్వహక్కులతో చెందుతాయి. ఆమె ఇల్లు అమ్ముకున్నా, అద్దెకిచ్చినా, తలుపులు తీసి మేకల్ని పడుకోబెట్టినా ఎవరూ నోరెత్తకూడదు. నేను ఏనాడూ కొనివ్వని మిక్సీ ఒకటి, నా అంత్యక్రియలకు పోను మిగిలిన దాంట్లోంచి కొనివ్వాలి. ముప్ఫై ఏళ్ళు రోట్లో మిరపకాయలు నూరి నూరి ఆమె కుడి మణికట్టు వంకరపోయింది. అది నాకు కనబడుతూనే ఉంది.

2. నా పనిముట్ల పెట్టె రేవులో నాతో పనిచేసిన యాన్సేకి. వాడు పానాలు వాడి తుడవడు. తుడవమని రాసివ్వడం తప్ప ఇక నా చేతిలో ఏముంది.

3. పక్కింటి సీమోన్ తీసుకెళ్ళిన నీళ్ళ పంపు. తిరిగి ఇస్తే దోర్కస్‌కు. ఇవ్వకపోతే సీమోన్‌కే రాసిచ్చానని చెప్పండి, సిగ్గుపడి తెచ్చిస్తాడేమో చూద్దాం.

4. ఇక అసలు సంగతి. పెరట్లో సిమెంటు తొట్లలో తొమ్మిది పాముమెడ తాబేళ్ళున్నాయి. ఏడు ఆడవి, రెండు మగవి. రోటేలో మా ఊరి చెరువు రకం. ఆ చెరువులో ఇప్పుడు ఒక్కటి కూడా లేదు. కల్తీ లేని ఆ రకం, నాకు తెలిసినంతవరకు, ఈ తొట్లలోనూ నేను ఇదివరకు ఇచ్చిన కొద్దివాటిలోనూ తప్ప మరెక్కడా లేదు. అందుకని దీన్ని ఆస్తి పంపకంగా చదవకండి. ఇవి చెయ్యి జారితే మా చెరువు తాబేలు అనేది ఇక లేనట్టే.

ఇవి నాకెలా వచ్చాయో రాయాలి, రేపు కోర్టులో అడుగుతారు. మా అక్క కొడుకు మెల్కి పెళ్ళికి, మా దీవి ఆచారం ప్రకారం మేనమామకు ఇచ్చే లాంఛనం కింద, వాడి తండ్రి, మా బావ ఎస్రా నాకు గేదెను తోలుకురావాలి. గేదె కొనే స్తోమత లేక, నీళ్ళ టబ్బులో తాబేళ్ళు తెచ్చి నా ముందు పెట్టాడు. పందిట్లో ఒకటే నవ్వులు. “ఒబెద్, నీ గేదె బాగా చిక్కిపోయిందయ్యా” అని మా పెద్దాయన ఒకడు అరిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ టబ్బు పట్టుకుని కుపాంగ్ పడవలో కూర్చున్నంతసేపూ బావను తిట్టుకున్నాను.

బావ బయటి వ్యాపారులకు తాబేళ్ళు పట్టి అమ్మేవాడు. ఆయన ఒక్కడే కాదు, ఊరు ఊరంతా గోనెసంచులతో చెరువులోకి దిగింది. అయినా నేను బావనే తిట్టాను. తిట్టడానికి అందుబాటులో ఉన్న చుట్టం ఆయనే మరి. చెరువు ఖాళీ అయ్యాక తెలిసింది, గేదెకు బదులుగా ఆయన నాకు ఇచ్చిందేమిటో.

5. నా కూతురు డాక్టర్ యుబ్లీనా జావాలో ఒక పెద్ద జంతుశాలలో పశువైద్యురాలు. “బాపా, నాలుగు ఇవ్వండి, పిల్లల్ని చేసి మన చెరువులో వదులుదాం” అంటే నాలుగు ఇచ్చాను. అద్దాల గది కట్టారు. రోటే దీవి బొమ్మతో బోర్డు పెట్టారు. ఆ బోర్డు చూసి మా దోర్కస్ కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఇంకో జంతుశాల పాపువా నుంచి వచ్చిన పాముమెడ తాబేళ్ళను పంపితే, చోటు లేదని వాటినీ అదే గదిలో వేశారు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పిల్లలు పుట్టాయి, ఫొటోలు తీశారు, మిఠాయిలు పంచారు. అనుమానం వచ్చి రక్తం పరీక్ష చేయించింది మా లీనాయే. అన్నీ కల్తీ పిల్లలు. చెరువులో వదలడానికి ఒక్కటీ పనికిరాదు. పైవాళ్ళకు చెప్పింది. నోరు మూసుకోమన్నారు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, ఆ గది తాళం తన చేతిలో లేదని ఏడ్చింది. నా కూతురి తప్పు ఇందులో ఆవగింజంత లేదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

6. మా మేనల్లుడు మెల్కికి ప్రభుత్వం ఇచ్చిన పెంపకం లైసెన్సు ఉంది. వాడికి మూడు ఇచ్చాను. వాడి తొట్లు చూడడానికి రోతగా ఉంటాయి, నాచు, రేకు ముక్కలు, రొయ్యల కంపు. కానీ వాడు ఇసకలో పూడ్చిన గుడ్డు పిల్లవుతుంది. దానికి ఎప్పుడేం కావాలో వాడికి తెలుస్తుంది, ఎలా తెలుస్తుందో వాడికీ తెలియదు. బాగుందనుకునేలోపు వాడి ఫోన్‌లో ఒక తెల్లటి పిల్లను చూపించాడు. అన్నాచెల్లెళ్ళను కలిపి పుట్టించినది. అలాంటిది విదేశాల్లో మంచి ధర పలుకుతుందట. చెరువులో వదిలితే పూటలో కొంగ ఎత్తుకుపోతుంది. కొట్టడానికి చెయ్యెత్తాను. “మామా, ఈ తెల్లదాన్ని అమ్మితేనే ఆ నల్లవాటికి మేత. నువ్వు పెడతావా, లేకపోతే లీనా వాళ్ళ గవర్నమెంటు పెడుతుందా?” అన్నాడు. ఎత్తిన చెయ్యి దించేశాను.

7. నిరుడు ఈస్టరు భోజనాల దగ్గర లీనా, మెల్కి ఇద్దరూ ఎదురుపడ్డారు. అన్నం వడ్డిస్తుండగా లీనా అంది:

“నీ తొట్లో ఉన్నదంతా దొంగ సొత్తు, బావా. మీ నాన్న చెరువు దోచి తెచ్చింది.”

“అవును, దొంగ సొత్తే,” అన్నాడు వాడు. “ఇవ్వాళ మిగిలింది అదే. మీ మర్యాదస్తుల దగ్గర బోర్డు మిగిలింది.”

లీనా కంచం ముందునుంచి లేచిపోయింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చిన్నప్పుడు ఒకే చాప మీద పడుకున్నవాళ్ళు. ఆ రోజు కాల్చిన మాంసం అలాగే ఉండిపోయి, కుక్కలకు వేశాం.

ఇప్పుడు ఇద్దరూ విడివిడిగా నా మంచం దగ్గరికి వచ్చి తొమ్మిదీ తమకే ఇమ్మంటున్నారు. గేదెకు బదులుగా తమ ఇంటినుంచి వచ్చినవి తమ ఇంటికే రావాలని మెల్కి వాదన. సొంత కూతుర్ని నమ్మవా అని లీనా. నమ్మకం సంగతి కాదని చెప్పడానికి నాకు ఊపిరి చాలడం లేదు, అందుకే రాస్తున్నాను.

8. మొదట ఇక్కడ ఇలా రాశాను: ఆడ తాబేళ్ళు ఏడూ మెల్కికి, మగవి రెండూ లీనాకు. ఒకరి గుమ్మం ఒకరు తొక్కక చస్తారా అని నా తెలివికి నేనే మురిసిపోయాను. దోర్కస్‌కు చదివి వినిపించాను. ఆమె ఇలా అంది: “లీనా బాపా, పంతానికి వీళ్ళు మీ పిల్లలే. పదేళ్ళు మాట్లాడుకోరు. అప్పటిదాకా అవి ఎవరికోసం గుడ్లు పెట్టాలి?” ఆ షరతు కొట్టివేయడమైనది. కొట్టివేతపై నా పొట్టి సంతకం ఉంది.

9. కాబట్టి, తొమ్మిది తాబేళ్ళనూ విడదీయకుండా, అటవీశాఖ అనుమతి తీసుకుని, మెల్కికి దఖలు పరుస్తున్నాను. షరతులు ఇవి. ఈ తొమ్మిదిలో దేన్నీ, వీటికి పుట్టినదాన్నీ అమ్మకూడదు. తెల్లపిల్లల కోసం వీటిని జతకట్టించకూడదు. యుబ్లీనా ఏ రోజు వచ్చినా, చెప్పకుండా వచ్చినా, తలుపు తీసి, తాబేళ్ళు చూపించి, రక్తం తీసుకోనిచ్చి, ముందు అన్నం పెట్టాలి. ఒక్కసారి తలుపు వేసినా తొమ్మిదీ ఆమెవే. చెరువులో వదలడానికి ఏవి పనికొస్తాయో, ఎప్పుడు వదలాలో చెప్పే అధికారం ఆమె ఒక్కదానిదే, ఆమె పనిచేసే ఆఫీసుది కాదు.

మెల్కీ, నీకు ఇవ్వడం నీ మీద ముచ్చటపడి కాదు. నీ ఆశంటే నాకు భయం. పడుకుంటే నిద్ర పట్టనివ్వదు ఆ భయం.

లీనా, తల్లీ, ఇది రాస్తుంటే కూడా చెయ్యి నీ వైపే పోతోంది. ఈ ఇంట్లో నాకు నీకన్నా ఎక్కువైనవాళ్ళు లేరు. కానీ నీకిస్తే అవి నీ దగ్గర ఉండవు, మీ ఆఫీసుకు పోతాయి. ఆ గది తాళం నీ చేతిలో లేదని నువ్వే ఏడ్చావు. మీ ఇద్దరి దగ్గరా తప్పు జరిగింది. చెరువుకు పనికొచ్చే పిల్లలు పుట్టే తప్పును ఎంచుకున్నాను. నిజాయితీగా ఉన్నందుకు నీకు దక్కింది ఇదా అని నువ్వడిగితే, అవును తల్లీ, ఇదే.

10. నన్ను రోటేలో మా నాన్న పక్కన పూడ్చండి. మేళాలు వద్దు. వచ్చినవాళ్ళకు తాటిబెల్లం పానకం ఇవ్వండి, చాలు.

ఆ రోజుకు మీరిద్దరూ మాట్లాడుకుని ఉండాలి. లీనా, ముందు నువ్వే ఫోన్ చెయ్యి. వాడు చెయ్యడు, వాడు పుట్టినప్పటినుంచీ వాణ్ణి నేనెరుగుదును. ఇది కూడా నీకు అన్యాయమే. అయినా నువ్వే చెయ్యి.

పై విషయాలన్నీ నా ఇష్టపూర్వకంగా రాసి, మళ్ళీ చదువుకుని, నేనే సంతకం చేశాను.

కుపాంగ్, 14 ఆగస్టు 2023

ఒబెద్ మెస్సాఖ్

సాక్షులు:
తబిథా లెకీ, నర్సు, ఓసాపా
సీమోన్ బైస్, పక్కింటివారు (మూడో అంశం చదివిన తర్వాతే సంతకం చేశారు)