అమ్మ కుట్టిన ఎర్ర కోటు

హోవ్, 9 మార్చి 1934

చెల్లీ ఎడిత్,

పిల్లల నవల ఒకదాన్ని రంగుల మూకీగా తీసినప్పుడు, అమ్మ కుట్టిన ఎర్ర మఖమలు కోటును తెరమీద ఎర్రగానే చూపిస్తానని ఆవిడకు మాటిచ్చాను. ఇరవై ఏళ్ల కిందట మన ఊరి హాల్లో అది ఆకుపచ్చగా కనపడింది. జనం నవ్వారు, అమ్మ లేచి వెళ్లిపోయింది, కెమెరామన్‌గా నాకు మళ్లీ పని దొరకలేదు.

ఆ రీలు ఇన్నాళ్లకు దొరికితే నిన్న ఇక్కడి సినిమా హాల్లో వేయించాను. మళ్లీ పచ్చ కోటే! తప్పు నాదేనేమో అనుకున్నాను. ఇంతలో ఆపరేటర్ పెల్లింగ్ మెషీన్ ఆపాడు. "నేనే ఒక్క బొమ్మ తప్పి ఎక్కించాను పెద్దాయనా. ఎర్ర బొమ్మకి పచ్చ అద్దం అడ్డొచ్చింది." ఈ రకం రీల్లో ఎరుపుకో బొమ్మ, పచ్చకో బొమ్మ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి; మెషీన్ ముందు తిరిగే ఎర్ర, పచ్చ అద్దాలు వాటితో సరిగ్గా కలవాలి. సరిచేసి తిప్పితే కోటు చెర్రీ పండులా వెలిగింది. "ఇంత బాగా తీసి తిట్లు తిన్నారా? అప్పుడు వేసిన గుడ్డోడెవడండీ?" అన్నాడు. ఇవాళ నా ప్రాణం తేలికగా ఉంది.

నా ఉన్ని మఫ్లరు, రోము చరిత్ర రెండో సంపుటం పంపు. నీ దగ్గు తగ్గిందా? పొగగొట్టం తుడిపించావా? పిల్లలకు ఈ మామయ్య దీవెనలు. మీ ఆయన కత్‌బర్ట్‌కు మాత్రం లేవు. కార్డు మీది ఈ ముక్క పోస్ట్‌మన్ చదివినా సరే. ఆ రోజు మన ఊరి హాల్లో మెషీన్ దగ్గరుండి రీలు తప్పుగా ఎక్కించి, నేరం నా కెమెరా మీదికి నెట్టింది కత్‌బర్టే.