పారబోయని నీళ్ళు

బాన్సువాడ, మంగళవారం

నా భార్య లక్ష్మిని దవాఖానలోనే ఉంచుకున్నారు. రక్తంలో పొటాషియం బాగా పెరిగింది, ఆలస్యమైతే గుండెకే ప్రమాదమని మధ్యాహ్నమే డయాలసిస్ మొదలుపెట్టారు. ఆమె దగ్గర వాళ్ళ అక్క ఉంది. అమ్మను తీసుకొని నేను బస్సులో ఇంటికి వచ్చాను.

కిడ్నీలు పాడైనవాళ్ళు కూరగాయలు ఉడికించి, పొటాషియం దిగిన ఆ నీళ్ళు పారబోసి తినాలని డాక్టర్ ఎండాకాలంలోనే చెప్పాడు. ఇంట్లో అలాగే వండుతున్నామనుకున్నాను. నిన్న కూడా లక్ష్మి నవ్వింది. "గీ చప్పిడి కూర బర్రె గూడ ముట్టది అత్తమ్మా. నీ చారు ఉండవట్టి ముద్ద దిగుతుంది."

చారు దేనితో పెడుతున్నారని ఇవాళ డాక్టర్ అడిగాడు. అమ్మ దాచకుండా చెప్పింది.

"తోటకూర ఉడికిన నీళ్ళు సారూ. బలమంతా అండ్లనే ఉంటది గద, పారబోస్తమా?"

డాక్టర్ నా వైపు చూశాడు.

బస్సు నస్రుల్లాబాద్ దాటాక అమ్మ అడిగింది. "పారబోయమన్నవ్ గని, ఎందుకో చెప్పకపోతివేంది బిడ్డా?"

అప్పట్లో, చదువుకోని మనిషికి చెప్పినా ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ చారు నేనూ రోజూ తాగాను, బాగుందన్నాను కూడా. దేనితో పెట్టావని ఒక్కనాడూ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి పొయ్యి పక్కన చారు గిన్నె ఉంది, లక్ష్మి వచ్చి తింటుందని అమ్మ పొద్దున మూతపెట్టిపోయింది. తీసుకెళ్ళి మోరీలో పారబోశాను. అమ్మ ఆ గిన్నెను ఇంకా తోముతూనే ఉంది.