వెనక గదిలో పెద్దమ్మ

అక్కకు నమస్కారాలు.

అందరం క్షేమం, నా చెవులు తప్ప. ఈ కొత్త ఇంట్లో దిగినప్పటినుంచి మా అమ్మాయి మిడత మారాం ముదిరిపోయింది. అరటిపండు విరిగితే అతికించమని ఏడుపు. సరే అతికిస్తానంటే, అతికించిన పండు తనకొద్దని ఏడుపు. కుట్టాల్సిన కర్టెన్లు మిషను పక్కన గుట్టపడ్డాయి. నిన్న విసిగిపోయి, దాన్ని వెనక గదిలో కూర్చోబెట్టి తలుపేశాను. కాసేపటికి చడీచప్పుడూ లేదు. తీసి చూస్తే బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుంది. ఏమైందని అడిగితే, "పెద్దమ్మ ఊరుకోమంది" అంది.

మొన్న వచ్చినప్పుడు దాని చెవిలో ఏం ఊదావోగాని, బాగా పనిచేసింది.

చెవులు చిల్లులు పడ్డ
నీ చెల్లెలు

తా.క. ఆదివారం మీ మరిదిని కూడా ఆ గదిలో కూర్చోబెట్టి చూస్తాను.

---

చెల్లాయికి ఆశీస్సులు.

నేను ఊదిందేమీ లేదు. ఏడిస్తే మీ ఇంటికి రానన్నాను, అంతే. నా మాటకున్న బరువు ఇప్పటికైనా తెలిసింది కదా. గారాబంతో నువ్వే దాన్ని పాడుచేశావు. మళ్ళీ మొండికేస్తే ఆ గదిలోనే కూర్చోబెట్టు.

ఇట్లు, మాట చెల్లుబాటయ్యే
మీ అక్క

తా.క. మా ఇంట్లో పిల్లి కూడా నా మాట వినదంటారు మీ బావ. ఆయన గడ్డం గీసుకునే అద్దానికి నీ ఉత్తరం అంటించాను.

---

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇప్పుడు మిడత అసలు ఏడవడం లేదు. కావాలని విరిగిన బిస్కెట్టు ఇచ్చాను. "ఫరవాలేదమ్మా" అంది. మెట్ల మీద పడి మోకాలు చీరుకుపోయినా అదే మాట, అదే గొంతు. రోజంతా ఆ గదిలోనే ఉంటోంది. ఏం చేస్తున్నావంటే, పెద్దమ్మతో ఆడుకుంటున్నానంటుంది. పెద్దమ్మ చేతులు చల్లగా ఉంటాయట. నోట్లో ఒక్క పన్నూ లేదట.

పని మాత్రం చకచకా సాగుతోంది. అయినా మనసు కుదురుగా లేదు.

నీ చెల్లెలు

తా.క. ఏమీ అనుకోకు. నువ్వు మంచం కింద పట్టవట. అందుకని దుప్పటిలా మడతపడి పడుకుంటావట.

---

చెల్లీ,

ముందు కోపం వచ్చింది. నా పళ్ళు ఒకటి తప్ప అన్నీ ఉన్నాయి. మీ బావ పడీపడీ నవ్వారు. తర్వాత ఆయనే నవ్వాపి, "మనం ఆ వెనక గదిలోకి వెళ్ళనే లేదు కదా" అన్నారు.

నా ముఖం మిడతకి బాగా తెలుసు. మరి అది పెద్దమ్మ అంటున్నది ఎవరిని? వెంటనే దాన్ని ఆ గదిలోంచి తెచ్చేసుకో.

అక్క

తా.క. ఉత్తరం అద్దం మీంచి తీసేశాం.

---

అక్కా,

నీ ఉత్తరం అందగానే వెళ్ళి పిలిచాను. రానంది. ఎత్తుకోబోతే బండరాయిలా కదల్లేదు. ఏడుస్తుందేమోనని బొమ్మ దాచాను, తిట్టాను. ఫరవాలేదంది. ఇక నావల్ల కాక, ఆ గదిలోనే నేల మీద కూలబడి, కాళ్ళు తన్నుకుంటూ చంటిపిల్లలా ఏడ్చాను.

ఎవరో నా తల నిమిరారు. చల్లటి చెయ్యి. "ఊరుకో" అన్నారు. ఊరుకున్నాను అక్కా. పిల్ల, పని, ఇల్లు, ఏ బెంగా లేకుండా పోయింది. ఎంత హాయిగా ఉందంటే, ఇక అక్కడే ఉండిపోవచ్చనిపించింది.

అప్పుడు మిడత నా తల మీది చేతిని చూసింది. మూతి వంకర తిరిగింది. "మా అమ్మని ముట్టుకోకు" అని కిటికీలు అదిరేలా ఏడుపందుకుంది. నాకు ఒళ్ళు తెలిసింది. దాన్ని చంకనేసుకుని బయటపడ్డాను.

ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చేశాం. సామాను బండికెక్కిస్తుంటే, వెనక గదిలో ముక్కు చీదిన చప్పుడు. ఆపైన సన్నగా, సాగదీసుకుంటూ, అచ్చం పసిపిల్లల రాగం: "నన్నూ తీసుకెళ్ళండీ..."

నేను గబగబా బండెక్కబోయాను. మిడతే వెనక్కి తిరిగి, అచ్చు నా గొంతుతో అంది: "అలా ఏడిస్తే ఎవరూ తీసుకెళ్ళరు. ముందు ఊరుకో."

టక్కున ఆగిపోయింది.

ఇల్లు దొరికేదాకా మీ ఇంట్లోనే ఉంటాం. ప్రస్తుతం సత్రంలో ఉన్నాం, ఎల్లుండి బయల్దేరుతున్నాం.

నీ చెల్లెలు

తా.క. అప్పటినుంచీ మిడత ఒకటే పేచీ: "పెద్దమ్మ ఊరుకుంది కదా, మరి తీసుకెళ్దాం" అని. నేల మీద దొర్లుతోంది. నేను ఒప్పుకోలేదు. ఎంతసేపైనా ఏడవనీ, ఇంత కమ్మటి ఏడుపు నేనెన్నడూ వినలేదు.