అమ్మ రేడియో మీది బొట్లు

చింతామణి,
10-10-2004

అక్కకు నమస్కారం. ఇక్కడ మేమంతా బాగున్నాం, నువ్వు నాగరగెరె నుంచి పంపిన అమ్మ పాత వాల్వు రేడియో కూడా బాగుంది. ఒక వాల్వు, రెండు కండెన్సర్లు మార్చేసరికి గొంతు విప్పింది. నేను పోగేసిన పదకొండు రేడియోల్లో ఇంత తియ్యగా పలికేది ఇంకోటి లేదు.

కానీ ఒక తప్పు చేశాను. స్టేషన్ల అద్దం మీద మూడు తిలకం బొట్లు ఎండిపోయి ఉన్నాయి. ఆయుధపూజకు పెట్టినవే అనుకుని ఒకటి స్పిరిటుతో తుడిచేశాను. తర్వాత తిప్పి చూస్తే మిగిలిన రెండింట్లో ఒకదాని దగ్గర బెంగుళూరు, ఇంకోదాని దగ్గర కడప పలికాయి. పక్కనున్న నీ మరదలు నేత్ర, "ఇట్ల చూడండి, ముల్లు సరిగ్గా బొట్టు మీదే నిలబడుండాది. అత్తమ్మకు ఇంగ్లీషు అంకెలు రావు గదా, గుర్తుకు పెట్టుకోనుండాదేమో!" అంది. వెంటనే స్పిరిటు సీసాకు మూత బిగించేశాను. "మునుపు ఎట్లుండాదో అట్లే ఉండాలప్పా" అని అమ్మ చెప్పి మరీ పంపింది గదా!

ఈ కార్డు అమ్మకు చదివి వినిపించకు. బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఈ రేడియో వెనక బిగించే అట్ట అటక మీద ఉంటే పారేయకుండా తీసుకురా. ఆయుధపూజకు అమ్మను వెంటబెట్టుకుని తప్పకుండా రావాలి. ఈసారి పూజలో మిగతా రేడియోలన్నిటికీ నేను బొట్లు పెడతాను. దీన్ని మాత్రం అమ్మే తిప్పి, మూడో స్టేషన్ ఎక్కడుందో వెతికి, తన చేత్తోనే పెట్టాలి. తిలకం సీసా ఇప్పుడే కొని రేడియో పక్కన పెట్టాను.

పిల్లలకు మా దీవెనలు.

నీ తమ్ముడు,
చంద్రప్ప